బృందంలో వినబడే బేస్: ఆంప్ ఎంపిక, టోన్ సర్దుబాటు, వేదిక ఏర్పాట్లు

గదిలో ఒంటరిగా వాయించుకున్నప్పుడు ఎంతో నిండుగా అనిపించిన బేస్ గిటార్ ధ్వని, డ్రమ్ములు, రెండు గిటార్లు, ఒక కీబోర్డు తోడయ్యేసరికి ఎక్కడికో మాయమవుతుంది. చాలామంది దీనికి వాల్యూమ్ పెంచడమే మార్గమనుకుంటారు. పెంచినకొద్దీ హాలంతా గుమ్మని మోగుతుందే తప్ప, ఏ స్వరం మీద ఉన్నారో వినేవారికి అంతుపట్టదు. ఇలా జరగడానికి ఆంప్‌లో (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్‌లో) వాట్లు చాలకపోవడం అరుదుగా మాత్రమే కారణమవుతుంది. ఉన్న శక్తినంతా ఎవరికీ స్పష్టంగా వినబడని పౌనఃపున్యాల మీద ఖర్చుపెట్టడమే ఎక్కువసార్లు అసలు కారణం. అందుకే బేస్ టోన్‌ను ఎప్పుడూ బృందం మధ్యలో విని నిర్ణయించాలి.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావైన ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు, ఐదు తీగల బేస్‌లోని బి తీగ సుమారు 31 సార్లు కంపిస్తాయి. అయితే వేదికల మీద కనబడే క్యాబినెట్లలో (స్పీకర్లు అమర్చిన పెట్టెలలో) చాలావాటికి 50 హెర్ట్జ్ దిగువకు వచ్చేసరికి బలం బాగా తగ్గిపోతుంది. అయినా ఆ ఇ స్వరం మనకు వినబడుతూనే ఉంటుంది. తీగ మోగినప్పుడు మూల పౌనఃపున్యంతో పాటు 82, 123, 165 హెర్ట్జ్‌ల దగ్గర అనుస్వరాలు (మూల పౌనఃపున్యానికి రెండింతలు, మూడింతలుగా ఉండే పై స్వరాలు) కూడా పుడతాయి, వాటిని బట్టి మెదడు అడుగున ఉన్న స్వరాన్ని తానే పూరించుకుంటుంది. అంటే స్వరాన్ని గుర్తుపట్టించే సమాచారంలో అధికభాగం మనం ‘బేస్’ అని రాసి ఉన్న నాబ్‌తో పెంచే ప్రాంతానికి పైననే ఉంటుంది. దీనికి మరో విషయం తోడవుతుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి మంద్ర ధ్వనులు అంతగా పట్టవని, వాల్యూమ్ పెరిగేకొద్దీ అవి మిగతా ధ్వనులతో సమానమవుతూ వస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపారు. ఇంట్లో నెమ్మదిగా వాయిస్తూ, చాలడం లేదని పెంచుకున్న బేస్, అదే అమరికతో వేదికెక్కితే బురదలా పరుచుకోవడానికి ఇదే కారణం.

ఆంప్‌ను ఎంచుకోవడం

ఎలక్ట్రిక్ బేస్‌ను విస్తృతంగా వాడుకలోకి తెచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో, దాని కోసం తయారైన బాస్‌మన్ ఆంప్ 1952లో వచ్చాయి. ఆ ఆంప్ తరువాతి కాలంలో గిటార్ వాద్యకారులకే ఎక్కువ ప్రీతిపాత్రమైందన్నది వేరే కథ. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే 300 వాట్ల హెడ్‌తో (స్పీకర్లు లేని ఆంప్ భాగంతో), పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న క్యాబినెట్లతో పెద్ద వేదికలను నింపగలిగింది. కానీ ఆ హెడ్ ఒక్కటే దాదాపు 40 కిలోలు తూగేది. ఇప్పుడు క్లాస్ డీ సాంకేతికతతో మూడు కిలోలకు మించని హెడ్లు 500 వాట్లు ఇస్తున్నాయి. ట్యూబ్ ఆంప్ ధ్వనిలోని వెచ్చదనం నిజమే, కానీ నెలకు నాలుగు కచేరీలు చేస్తూ మెట్లెక్కి దిగే వారికి తేలిక హెడ్డే మేలని నా అభిప్రాయం.

వాట్ల సంఖ్యను చూసి మోసపోకూడదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. ఒక క్యాబినెట్ సెన్సిటివిటీ (అదే శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత) 97 డెసిబెళ్లు, మరొకదానిది 100 డెసిబెళ్లు అయితే, అదే హెడ్‌తో రెండవది వాయించడం వాట్లను రెట్టింపు చేసుకున్నదానితో సమానం. కాబట్టి హెడ్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకొని మంచి క్యాబినెట్‌కు మళ్లించడం తెలివైన పని. మైకులు లేని చిన్న హాలులో మామూలుగా కొట్టే డ్రమ్మర్‌తో కలిసి వాయించడానికి 300 నుంచి 500 వాట్ల ట్రాన్సిస్టర్ లేదా క్లాస్ డీ హెడ్, పది లేక పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండున్న ఒక క్యాబినెట్ సాధారణంగా సరిపోతాయి. బేస్‌ను హాలు స్పీకర్లలోకి పంపే ఏర్పాటు ఉంటే, వేదిక మీద ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే 100 వాట్ల కాంబో కూడా చాలు.

ఓమ్‌ల (విద్యుత్ నిరోధం) లెక్క తప్పితే మాత్రం నష్టం ఖరీదైనది. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండింటిని సమాంతరంగా కలిపితే ఆంప్‌కు కనబడేది 4 ఓమ్‌లు. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్ హెడ్ వెనుక ‘కనిష్ఠం 4 ఓమ్‌లు’ అని ఉంటే అంతకన్నా తగ్గించకూడదు. ట్యూబ్ ఆంప్‌ను క్యాబినెట్ తగిలించకుండా ఎన్నడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. దాని ఓమ్‌ల స్విచ్‌ను కూడా క్యాబినెట్‌కు సరిపోయేలా పెట్టాలి. హెడ్‌కూ క్యాబినెట్‌కూ మధ్య స్పీకర్ కేబులే ఉండాలి. చూడడానికి అదే జాక్ ఉన్నా, గిటార్ కేబుల్‌లోని సన్నని తీగ అంత విద్యుత్తును మోయలేక వేడెక్కుతుంది. స్పీకర్ కేబుల్ మాత్రమే పట్టే స్పీకాన్ సాకెట్లు ఉన్న పరికరాలలో ఈ పొరపాటుకు చోటే ఉండదు.

టోన్ కుదిర్చే క్రమం

ముందు గెయిన్, అంటే ఆంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి, కచేరీలో ఎంత గట్టిగా మీటుతారో అంత గట్టిగా మీటుతూ, సిగ్నల్ హద్దు దాటితే వెలిగే క్లిప్ దీపం అత్యంత బలమైన స్వరాలకు మాత్రమే మిణుకుమనే వరకు గెయిన్ పెంచాలి. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ బేస్ అయితే సిగ్నల్ బలంగా ఉంటుంది గనుక, ఆంప్ మీద దాన్ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉంటే దాన్ని నొక్కాలి. అలాంటి బేస్‌లలో చాలావాటికి జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. విరామాలలో కేబుల్ తీసేయడం అలవాటు చేసుకోవాలి.

తరువాత ఒక్కో పౌనఃపున్య ప్రాంతాన్ని పెంచే, తగ్గించే ఈక్యూ నాబులన్నింటినీ మధ్యలో పెట్టాలి. ‘డీప్’, ‘బ్రైట్’, ‘కాంటూర్’ వంటి బొత్తాలన్నీ ఆపివేయాలి. కాంటూర్ బొత్తాం మిడ్‌ను (మధ్య పౌనఃపున్యాలను) తవ్వేసి అడుగునూ పైభాగాన్నీ పెంచుతుంది; దుకాణంలో ఒంటరిగా వినేటప్పుడు ముచ్చటగా ఉండే ఈ ధ్వనే బృందంలో మొదట మాయమయ్యేది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ శైలిలో, చుట్టూ ఖాళీ ఎక్కువగా ఉన్న పాటలలో అది పనికొస్తుంది, కానీ గిటార్లు దట్టంగా ఉన్న పాటలో పనికిరాదు.

ఇక్కడి నుంచి బృందంతో కలిసి వాయిస్తూనే సర్దాలి. ధ్వని ఉబ్బినట్లు, ముద్దగా ఉంటే 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గించాలి. స్వరం ఏదో తెలియకపోతే 500 నుంచి 800 హెర్ట్జ్ మధ్య పెంచాలి. ఈ ప్రాంతం ఒంటరిగా వింటే ముక్కుతో పలికినట్లు అనిపించి ఇష్టం కలగదు, డ్రమ్ములు మొదలైన తరువాత అదే బేస్‌కు ముఖాన్నిస్తుంది. వేలి దెబ్బలోని తొలి ఒరిపిడి వినబడాలంటే 1,000 నుంచి 2,500 హెర్ట్జ్ మధ్య చూడాలి. 5,000 దాటిన తరువాత ఫ్రెట్ల చప్పుడు, బుసబుస తప్ప అంతగా దొరికేదేమీ లేదు. పెంచడం కన్నా తగ్గించడం ఎప్పుడూ సురక్షితం, ఎందుకంటే అడుగున 6 డెసిబెళ్లు పెంచడమంటే ఆ ప్రాంతంలో ఆంప్‌ను నాలుగింతల శక్తి అడగడమే. 30 లేదా 40 హెర్ట్జ్ దిగువ భాగాన్ని కోసేసే హై పాస్ ఫిల్టర్ దొరికితే తప్పక వాడాలి. వినబడని ఆ కదలికల భారం తగ్గడంతో స్పీకర్ కోన్ హాయిగా కదిలి, ధ్వని కూడా బిగుతుగా మారుతుంది. ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్‌ను 4:1 నిష్పత్తి దగ్గర మొదలుపెట్టి, మీటిన తొలి క్షణం దాటిపోయేలా అటాక్‌ను (అది పట్టు బిగించే వేగాన్ని) కాస్త నెమ్మదిగా ఉంచితే చాలు.

ఆంప్ నాబుల కన్నా చేతుల వల్ల వచ్చే మార్పు పెద్దది. బ్రిడ్జికి (తీగల కింది కొస ఆనే భాగానికి) దగ్గరగా మీటితే ధ్వని బిగువుగా, కొట్టొచ్చినట్లు ఉంటుంది. మెడ వైపు జరిగితే గుండ్రంగా, మెత్తగా మారుతుంది. ఒక పాట మధ్యలో అంగుళంన్నర చెయ్యి జరపడం ఏ ఫుట్ పెడల్ కన్నా వేగమైన ఈక్యూ. జాజ్ బేస్ తరహా వాద్యంలో తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు రెండూ పూర్తిగా తెరిస్తే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) రద్దవుతుంది గాని మిడ్ కొంత తగ్గుతుంది. ఒకదాన్ని స్వల్పంగా తగ్గిస్తే ఆ మిడ్ తిరిగి వస్తుంది. తీగల విషయానికొస్తే, గుండ్రని తీగ చుట్టిన కొత్త రౌండ్‌వౌండ్ తీగలు మెరుపునిస్తాయి, చదునైన తీగ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు మూలస్వరాన్ని ముందుకు తెస్తాయి. అమెరికాలోని మోటౌన్ సంస్థ రికార్డింగులకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్‌సన్ ఫ్లాట్‌వౌండ్ తీగలనే వాడేవాడు, అవి తెగితే తప్ప మార్చడానికి ఇష్టపడేవాడు కాదు, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే ఎక్కువగా మీటేవాడు. మోగకూడని తీగలను రెండు చేతులతో అణచి ఉంచడం కూడా టోన్‌లో భాగమే. హాలులో వినబడే గుమ్మనే మోతలో కొంత ఆంప్‌ది కాక, వదిలేసిన ఇ తీగ మిగతా తీగల కంపనానికి తనంతట తానే మోగడం వల్ల వచ్చినది అయి ఉంటుంది.

బృందంతో పంపకం

బేస్ స్పష్టతలో సగం మిగతావారి చేతిలో ఉంటుంది. కీబోర్డు వాద్యకారుడి ఎడమచేయి బేస్ ఉన్న సప్తకంలోనే తిరుగుతుంటే ఏ ఈక్యూ కాపాడలేదు. ఆ చేతిని ఒక సప్తకం పైకి జరపమని మర్యాదగా అడగాలి. గిటార్ ఆంప్‌లలో 100 హెర్ట్జ్ దిగువ భాగం తగ్గిస్తే, ఒంటరిగా వింటే పలచబడినట్లు తోచినా, బృందంగా వింటే ఎవరికీ లోటు తెలియదు. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌తో పొత్తు మరీ ముఖ్యం. కిక్ బలం 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే బేస్ నిండుదనాన్ని 90 లేదా 100 దగ్గర వెతుక్కోవాలి; కిక్ దెబ్బ పైన ఉంటే అడుగును బేస్ తీసుకోవచ్చు. స్వరాన్ని ఎప్పుడు మొదలుపెడుతున్నారో ఎంత శ్రద్ధగా చూస్తారో, ఎప్పుడు ఆపుతున్నారో కూడా అంతే శ్రద్ధగా చూడాలి. స్నేర్ దెబ్బకు ముందే స్వరాన్ని ఆపితే, ఆ చిన్న ఖాళీలో డ్రమ్మూ బేసూ రెండూ పెద్దవిగా వినబడతాయి.

వేదిక మీద

41 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 8 మీటర్లు దాటుతుంది. అందువల్ల ఆంప్ పక్కనే నిలబడిన వాద్యకారుడు వినే ధ్వనికీ, హాలు మధ్యలో కూర్చున్నవారు వినేదానికీ చాలా తేడా ఉంటుంది. సౌండ్ చెక్‌లో పొడవైన కేబుల్‌తోనో వైర్‌లెస్‌తోనో హాలులోకి నడిచివెళ్లి వినడం ఒక్కటే నమ్మదగిన పరీక్ష. క్యాబినెట్‌ను గోడ మూలకు పెడితే అడుగు ధ్వనులు ఉబ్బుతాయి. ముద్దగా ఉన్నప్పుడు ఈక్యూ ముట్టుకోకముందే ఆంప్‌ను మూల నుంచి బయటికి లాగి చూడాలి. బోలుగా ఉన్న చెక్క వేదిక తానే డ్రమ్ములా మోగుతుంది, అలాంటి చోట క్యాబినెట్ కింద దళసరి ఫోమ్ పలక వేయాలి. స్పీకర్లు మోకాళ్ల ఎత్తున ఉంటే మిడ్, పైధ్వనులు చెవికి చేరక, వాద్యకారుడు అవసరానికి మించి వాల్యూమ్ పెంచుతాడు. స్టాండు మీదికి ఎత్తినా, వెనక్కి వాల్చినా ఆ ఇబ్బంది తీరుతుంది.

వేదిక వాల్యూమ్‌ను డ్రమ్మర్ నిర్ణయిస్తాడు, ఎందుకంటే డ్రమ్ములకు నాబ్ లేదు. డ్రమ్మర్‌కు బేస్ సుఖంగా వినబడేంత చాలు. మంద్ర ధ్వనులు అన్ని దిక్కులకూ వ్యాపిస్తాయి గనుక, వేదిక మీద మితిమీరిన బేస్‌ను సౌండ్ ఇంజనీరు తన మిక్సర్ మీద తగ్గించలేడు, హాలు స్పీకర్ల నుంచి మీ చానెల్‌ను పూర్తిగా తీసేయడం తప్ప.

డీఐ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్లు మార్చే పరికరం) ద్వారా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో సిగ్నల్ ఇచ్చేటప్పుడు ‘ప్రీ’ (ఈక్యూకు ముందు), ‘పోస్ట్’ (ఈక్యూ తరువాత) స్విచ్‌ను ఇంజనీరును అడిగే పెట్టాలి. కచేరీ మధ్యలో ఆంప్ ఈక్యూ తిప్పే అలవాటు ఉంటే ప్రీ మంచిది, అప్పుడు వేదిక కోసం చేసిన మార్పులు హాలుకు వెళ్లవు. ఆంప్ ధ్వనే మీ టోన్ అయితే పోస్ట్ ఇవ్వాలి. హమ్ వస్తే డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును విరిచి హమ్ పోగొట్టే పని ఎవరు చెప్పినా చేయకూడదు, అది ప్రాణాంతకం.

సౌండ్ చెక్‌లో కష్టమైన విన్యాసాలు వినిపించడం వల్ల ఇంజనీరుకు ఒరిగేది లేదు. జాబితాలో అత్యంత బలమైన పాట ఒకటి, మెత్తని పాట ఒకటి, అన్ని తీగల మీదా నడిచే ఒక వరుస వాయిస్తే అతనికి కావలసింది దొరుకుతుంది. జనం నిండిన తరువాత పైధ్వనులను శరీరాలు, దుస్తులు పీల్చుకుంటాయి, అడుగు ధ్వనులను అంతగా పీల్చుకోవు. అందుచేత మొదటి పాటలో బేస్ మందగించినట్లు తోస్తే, పెంచవలసింది వాల్యూమ్‌ను కాక పై మిడ్‌ను.

అదనపు కేబుల్, తీగల సెట్టు, బ్యాటరీ, ఆంప్‌కు సరిపోయే ఫ్యూజ్ సంచిలో ఉండాలి. పాటల మధ్య శబ్దం ఆపడానికి ట్యూనర్ పెడల్ పనికొస్తుంది. చెవులకు సంగీతకారుల ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి. 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు సురక్షితమని, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించింది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల వేదిక మీద వచ్చేది పావుగంటే.

కచేరీ ముగిసిన తరువాత ముందు ఇంజనీరుకు చెప్పి చానెల్ మ్యూట్ చేయించి, మాస్టర్ వాల్యూమ్ సున్నాకు తెచ్చి, ఆ తరువాతే కేబుళ్లు తీయాలి. లేకపోతే ‘ఢాం’ అన్న చప్పుడుకు హాలు స్పీకర్లే దెబ్బతినవచ్చు. ట్యూబ్ ఆంప్ అయితే స్విచ్ ఆపిన తరువాత ట్యూబులు చల్లారే వరకు కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి, మిగతా సామాను సర్దుకున్నాక చివరగా దాన్ని వాహనంలోకి ఎక్కించాలి.