రోబో మోడల్‌లో షేడింగ్, బేకింగ్, టెక్స్చర్ లోపాలు: సమస్య – పరిష్కారం

ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసే ఆరు కీళ్ల రోబో చేతిని ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాం. మోడలింగ్ (3డీ ఆకారం తయారీ) బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో, టెక్స్చరింగ్ (దాని మీద రంగు, ఉపరితల వివరాలు వేయడం) సబ్‌స్టెన్స్ పెయింటర్‌లో.

లోపం కనబడగానే పెయింట్ లేయర్ల జోలికి వెళ్లకండి. ముందు హై పాలీ మోడల్‌కి (ఎక్కువ వివరాలతో చేసిన బరువైన రూపం) మామూలు బూడిద రంగు మెటీరియల్ ఇచ్చి, తిప్పి చూడండి. మరక అక్కడే ఉంటే తప్పు మోడలింగ్‌లోనే. అది శుభ్రంగా ఉండి లో పాలీ (తక్కువ వివరాలున్న తేలికైన రూపం) మీద మాత్రమే మరక వస్తుంటే బేక్‌నీ (హై పాలీ వివరాలను లో పాలీకి వాడే మ్యాప్‌లు, అంటే బొమ్మల్లోకి దించడం), మ్యాప్ సెట్టింగులనీ అనుమానించాలి.

చదునైన పలక మీద మబ్బు లాంటి నీడలు

స్మూత్ షేడింగ్ (ఉపరితలాన్ని నునుపుగా చూపే వెలుగునీడలు) అంచు దగ్గర ఆగకుండా పలకంతా పాకడం వల్ల ఇది వస్తుంది. అంచులను కొద్దిగా చెక్కి గుండ్రం చేసే బెవెల్ మాడిఫయర్‌లో యాంగిల్ లిమిట్ 30 డిగ్రీలు, సెగ్మెంట్లు 2 లేదా 3 పెట్టి, దాని కింద వెయిటెడ్ నార్మల్ మాడిఫయర్ చేర్చండి (నార్మల్ అంటే ఉపరితలం ఏ దిక్కుకు చూస్తోందో చెప్పే సమాచారం). బెవెల్ ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా వస్తే స్కేల్ అప్లై చేయలేదన్నమాట: ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్–ఏ నొక్కి స్కేల్ ఎంచుకోండి.

బేక్ చేశాక అంచుల వెంట గీతలు

షార్ప్‌గా గుర్తించిన అంచు యూవీలో (మోడల్ ఉపరితలాన్ని విప్పి బొమ్మ మీద చదునుగా పరిచిన అమరిక) తెగకుండా ఉంటే, రెండు వైపుల నార్మల్ సమాచారం ఒకే పిక్సెళ్ల మీద కలిసిపోతుంది. ప్రతి షార్ప్ అంచుకీ సీమ్ (యూవీని కత్తిరించే గీత) ఉండాల్సిందే. ప్రతి సీమూ షార్ప్ కానక్కర్లేదు. యూవీ ముక్కల మధ్య 2048 మ్యాప్‌లో 16 పిక్సెళ్ల ఖాళీ వదలండి.

పలక మీద మూల నుంచి మూలకు ఏటవాలు గీత పడితే కారణం వేరు. బేక్ చేసినచోట ఒకలా, గేమ్ ఇంజిన్‌లో ఇంకోలా త్రిభుజాలు ఏర్పడ్డాయి. ఎక్స్‌పోర్ట్‌కు ముందే ట్రయాంగ్యులేట్ చేసి, అదే మెష్‌ని (మోడల్ ఆకారాన్ని) రెండు చోట్లా వాడండి.

బోల్టు ఆకారం పక్క భాగం మీద అచ్చుపడడం

బేకింగ్ కిరణాలు పొరుగు ముక్కకు తగులుతున్నాయి. ప్రతి భాగానికీ హై, లో రెండింటిలో ఒకే పేరు పెట్టి, చివర ‘అండర్‌స్కోర్ హై’, ‘అండర్‌స్కోర్ లో’ చేర్చి, పెయింటర్‌లో మ్యాచ్ బై మెష్ నేమ్ ఎంచుకోండి. యాంబియంట్ అక్లూజన్‌కి (సందుల్లో, దగ్గర భాగాల మధ్య పడే మెత్తని నీడల మ్యాప్) కూడా ఇదే నియమం విడిగా పెట్టాలి. చాలామంది మరిచేది ఇక్కడే. పెట్టకపోతే మోచేతి నీడ పలక మీద శాశ్వతంగా అచ్చవుతుంది, యానిమేషన్‌లో చెయ్యి పైకి లేచినా ఆ నీడ అక్కడే ఉండిపోతుంది.

గుంతలు బుడిపెల్లా కనబడడం

నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాలను రంగుల్లో దాచే బొమ్మ) గ్రీన్ చానల్ తిరగబడింది. బ్లెండర్‌కీ, యూనిటీ గేమ్ ఇంజిన్‌కీ ఓపెన్‌జీఎల్ పద్ధతి, అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌కి డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి. బ్లెండర్‌లో నార్మల్, రఫ్‌నెస్ (గరుకుదనం), మెటాలిక్ (లోహమా కాదా) మ్యాపుల కలర్ స్పేస్‌ని నాన్–కలర్‌గా మార్చడం కూడా తప్పనిసరి.

లోహం ప్లాస్టిక్‌లా, లేదా నల్లగా

మెటాలిక్ విలువ 0 లేదా 1 ఉండాలి. 0.5 లాంటి మధ్య విలువలు లోహంలానూ ఉండవు, పెయింట్‌లానూ ఉండవు. నారింజ రంగు వేసిన ఇనుప చెయ్యికి 0, రంగు లేచిపోయి బయటపడిన ఇనుముకి 1, తుప్పుకి మళ్లీ 0. విలువలు సరిగ్గా ఉన్నా నల్లగా కనబడితే సీన్‌లో ప్రతిబింబించడానికి ఏమీ లేదు. హెచ్‌డీఆర్ఐ (పరిసరాల వెలుగునిచ్చే చుట్టూ ఫోటో) పెట్టండి.

అన్ని అంచులూ ఒకేలా అరిగిపోయి కనబడడం

పెయింటర్‌లో అరుగుదలను తనంతట తానే వేసే జనరేటర్, అంచులు ఎక్కడున్నాయో చెప్పే కర్వేచర్ మ్యాప్ ఒక్కటే చూసి ప్రతి అంచునూ గీకేస్తుంది. నిజానికి ఈ చెయ్యి కంచె లోపల పనిచేస్తుంది, అంచులకు రాపిడి తక్కువ. స్మార్ట్ మాస్క్ (అరుగుదల ఎక్కడ కనబడాలో నిర్ణయించే ముసుగు) మీద పెయింట్ లేయర్ వేసి, నలుపుతో చాలా వరకు చెరిపేయండి. అరుగుదల ఎక్కడ వస్తుందో అక్కడే ఉంచండి: కేబుల్ గొట్టం రాసుకునే ముంజేతి పక్క, మనుషులు కాలు మోపే పీఠం అంచు. కీళ్ల సీల్స్ కింద గ్రీజు చారలకు రఫ్‌నెస్ తగ్గించండి, మణికట్టు చుట్టూ వెల్డింగ్ రవ్వల చుక్కలు వేయండి. రంగు లేచిన చోట ఇనుముకీ పెయింట్‌కీ మధ్య రెండు మూడు పిక్సెళ్ల ప్రైమర్ పట్టీ కనబడేలా చూస్తే, పెయింట్‌కి మందం వస్తుంది.