జెంటూలో యూజ్ ఫ్లాగుల చిట్టా తగ్గించుకోవడం ఎలా?

మొన్న గుంటూరు బ్రాడీపేటలో తెలిసిన తమ్ముడొకడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, అప్‌డేట్ కొట్టినప్పుడల్లా ఏదో ఒక గొడవ, కాస్త చూడవా" అన్నాడు. వాడు వాడేది జెంటూ, అంటే ప్యాకేజీలను మామూలుగా సోర్స్ నుంచి మనమే కంపైల్ చేసుకునే లినక్స్. దాని సెట్టింగుల ఫైలు మేక్.కాన్ఫ్ తెరిస్తే, ప్యాకేజీల్లో ఏ సదుపాయం ఉండాలో వద్దో చెప్పే ఫ్లాగులుండే యూజ్ లైను పెళ్లి సామాన్ల చిట్టాలా ఉంది. ఎక్కడెక్కడివో తెచ్చి అంటించుకున్నవి, సగం ఎందుకున్నాయో వాడికే తెలీదు. ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

ముందు పనులు గబగబా కానివ్వండి. పోర్టేజ్ (జెంటూ ప్యాకేజీ మేనేజర్) సెట్టింగులుండే /ఈటీసీ/పోర్టేజ్ ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. జెంటూల్‌కిట్ అనే ప్యాకేజీ వేసుకోండి, ఫ్లాగుల వివరాలు వెతికే ఈక్వెరీ కమాండ్ అందులోనే వస్తుంది. 'ఈసెలెక్ట్ ప్రొఫైల్ లిస్ట్' కొట్టి మీ వాడకానికి తగ్గ ప్రొఫైల్ (జెంటూ వాళ్లు ముందే కూర్చి పెట్టిన సెట్టింగుల కట్ట) పెట్టుకోండి. కేడీఈ డెస్క్‌టాప్ వాడుతూ, దానికే ప్లాస్మా ప్రొఫైల్ ఉండగా ఆ ఫ్లాగులన్నీ చేత్తో రాసుకోవడం దండగ. ఎస్‌ఎస్‌ఈ లాంటి ప్రాసెసర్ ఫ్లాగులు యూజ్ లైన్లో ఉంటే తీసేయండి, వాటికి సీపీయూ_ఫ్లాగ్స్_ఎక్స్86 అని వేరే చోటుంది.

తర్వాత ఒక్కో ఫ్లాగుకీ 'ఈక్వెరీ హాజ్‌యూజ్' కొట్టండి. మీ సిస్టమ్‌లో ఏ ప్యాకేజీకీ ఆ ఫ్లాగ్ లేదంటే అది పాత కాలపు చెత్త, తీసేయండి.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది, నిదానంగా చదవండి. ఫ్లాగ్‌ని లైన్లోంచి తీసేయడం వేరు, దాని ముందు మైనస్ పెట్టడం వేరు. తీసేస్తే మీ మాట పోతుంది అంతే, ప్రొఫైలో, ఈబిల్డో (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు) ఆ ఫ్లాగ్‌ని ఆన్ చేసి ఉంటే అది ఆన్‌లోనే ఉంటుంది. మైనస్ పెడితే అన్ని ప్యాకేజీల్లోనూ ఆపమన్నట్టు. ఈ తేడా తెలియక కొందరు ఏకంగా మైనస్ స్టార్ (-*, అంటే అన్నీ ఆపెయ్) పెట్టేస్తారు, "ఇక అంతా నా చేతిలో" అని. దయచేసి ఆ పని చేయొద్దు. ప్రొఫైల్ ఇచ్చినవీ, ఈబిల్డ్ రాసినవాళ్లు ఆలోచించి ఆన్ చేసినవీ ఒక్క దెబ్బకి పోతాయి, ఆ తర్వాత ఒక్కో ప్యాకేజీ దగ్గరా మీరే కూర్చుని పూడ్చుకోవాలి.

ఒకేసారి పది ఫ్లాగులు కూడా పీకొద్దు. రెండో మూడో తీసి, ప్యాకేజీలు వేసే ఎమర్జ్ కమాండ్‌ని ప్రిటెండ్ (ఏం చేస్తుందో చూపిస్తుంది, చేయదు), వెర్బోస్ (వివరంగా) పెట్టి కొట్టండి. ఎరుపంటే ఆన్, నీలమంటే ఆఫ్, ఆకుపచ్చ రంగులో స్టార్‌తో వచ్చింది ఆ ప్యాకేజీ వేసినప్పటికీ ఇప్పటికీ మారినది. ఆ ఆకుపచ్చవి చదవకుండా ముందుకెళ్లొద్దు. ఏదైనా ప్యాకేజీ "నాకు ఆ ఫ్లాగ్ కావాలి" అని ఆగిందా, మళ్లీ మేక్.కాన్ఫ్‌లోకి తేకుండా ఒక్కో ప్యాకేజీకి విడిగా ఫ్లాగులు రాసుకునే ప్యాకేజ్.యూజ్‌లో ఆ ఒక్కదానికే రాయండి, పైన ఎందుకో ఒక ముక్క కామెంట్‌తో సహా. ఎమర్జ్‌లోని ఆటోఅన్‌మాస్క్ ఆప్షన్ ఇవన్నీ తనే రాసిపెడుతుందిగా అంటారు, నేనైతే వాడను. ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఇంకో చిట్టా అవుతుంది.

ఫ్లాగులు తక్కువుంటే ఇంకో లాభం ఉంది. 2023 డిసెంబర్ నుంచి జెంటూ వాళ్లే రెడీమేడ్ బైనరీలు (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) ఇస్తున్నారు. మీ ఫ్లాగులు వాళ్లు వాడిన వాటితో కలిస్తేనే అవి పనికొస్తాయి. రోహిణి కార్తెలో, ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని మధ్యాహ్నం క్యూటీ వెబ్ఇంజిన్ లాంటి పెద్ద ప్యాకేజీ కంపైల్ పెట్టినవాడికి దాని విలువ తెలుస్తుంది.

అన్నీ కుదిరాక వరల్డ్ (మొత్తం సిస్టమ్) అప్‌డేట్‌ని --చేంజ్డ్-యూజ్‌తో కొట్టండి. --న్యూయూజ్ అయితే ఈబిల్డ్‌లో మీరు వాడని కొత్త ఫ్లాగ్ చేరినా ఆ ప్యాకేజీని మళ్లీ కంపైల్ చేస్తుంది. తమ్ముడి లైన్లో చివరికి ఏడు ఫ్లాగులు మిగిలాయి. ఊపులో బ్లూటూత్ కూడా తీసేద్దామన్నాడు, చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్ పెట్టుకునే!

ఆఖర్న --ఆస్క్ పెట్టి డెప్‌క్లీన్, అంటే ఇక అక్కర్లేని ప్యాకేజీలను తీసేయడం. అది చూపించే లిస్టు మొత్తం చదివాకే ఎస్ కొట్టండి.