పునాది తవ్వేముందు: విశాఖ స్థలాల్లో మట్టి, నీటిమట్టం పరీక్ష

విశాఖలో పక్క ప్లాటు సాయిల్ రిపోర్టు చూసి మన ఫుటింగు (స్తంభం కింద వేసే పునాది దిమ్మె) లోతు ఖాయం చేయకూడదు. కొండవాలున రెండు మీటర్లకే రాయి తగిలిన చోటికి కూతవేటు దూరంలోనే పూడ్చేసిన గెడ్డ (వాగు) ఉండొచ్చు. రేవు పరిసరాల పల్లంలో మెత్తటి సముద్రపు బంకమన్ను, బీచ్ రోడ్డు వెంట ఇసుక, భీమిలి దారిలో ఎర్రమట్టి, కొండల అంచున శిథిలమైన ఖొండలైట్ (ఇక్కడి కొండల రాయి) కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ ఒక్కోలా పరీక్షించాలి.

బోరు యంత్రం దింపేముందు పాత టోపోషీటు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే సర్వే పటం), రెవెన్యూ పటం తీసి గెడ్డ, చెరువు ఆనవాళ్లు వెతకండి. చుట్టుపక్కల బావుల్లో మే నెలలో నీళ్లు ఎంత లోతున ఉంటాయో, అక్టోబరు వానల తర్వాత ఎంత పైకొస్తాయో అక్కడివాళ్లని అడిగి రాసుకోండి. మీటరున్నర దాటి పరీక్షగుంట తవ్వితే పక్కలకు దన్ను కట్టకుండా మనిషిని దించొద్దు.

పునాదుల కోసం నేల పరిశీలనకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 ప్రకారం ఎకరం స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు వేయాలి. చిన్న ఇంటికి మధ్యలో ఒకటి చాలంటుంది గానీ, వాలు స్థలమైతే ఎగువన ఒకటి, దిగువన ఒకటి వేయించడమే మంచిది. ఫుటింగు అడుగు నుంచి దాని వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు కిందికి వెళ్లాలి. బంకమన్ను తగిలితే ఆ లెక్క వదిలేసి, అది పూర్తిగా దాటి గట్టి పొర అందేదాకా ఆపొద్దు.

ప్రతి మీటరున్నరకీ, పొర మారిన చోటా ఎస్‌పీటీ (సుత్తితో కొట్టి గొట్టాన్ని నేలలోకి దించి గట్టిదనం చూసే పరీక్ష) చేయాలి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. గొట్టం 15 సెంటీమీటర్ల చొప్పున మూడుసార్లు దిగడానికి 6, 9, 13 దెబ్బలు పడితే మొదటి ఆరు వదిలేయండి. మిగతా రెండూ కలిపిన 22 ఎన్ విలువ; అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టి. తాడు లాగేవాళ్లు అలిసిపోయి సుత్తిని తక్కువ ఎత్తు నుంచి వదిలితే మెత్తటి నేల కూడా గట్టిగా కనిపిస్తుంది, అందుకే రాడ్డు మీద 75 సెంటీమీటర్ల గుర్తు పెట్టించండి. తీరం ఇసుకలో దీనికి పూర్తి విరుద్ధం: బోరులో నీటిమట్టం బయటి ఊటకంటే తగ్గితే అడుగున ఇసుక ఉబికి వదులై, ఎన్ ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. బోరు నిండా నీళ్లో, బెంటొనైట్ (నీటికి ఉబ్బే మెత్తటి బంకమట్టి) కలిపిన నీళ్లో ఉంచాలి.

మెత్తటి బంకమన్నులో ఎన్ విలువను నమ్ముకోవద్దు. వేన్ షియర్ (రెక్కల కడ్డీని మట్టిలో దించి తిప్పి బలం కొలిచే పరీక్ష) చేయించి, పలుచని గొట్టంలో చెదరని నమూనా తీసి, రెండు చివరలా మైనం పోసి, ఎండ తగలకుండా ల్యాబ్‌కు పంపి కన్సాలిడేషన్ (బరువు కింద మట్టి అణిగే తీరు) పరీక్ష అడగండి. కుంగుడు ఎంతో తేల్చేది అదే. ఎర్రమట్టి ఎండలో రాయిలా నిలుస్తుంది, తడిస్తే సడలుతుంది. దాని షియర్ (కోత బలం) పరీక్ష తడిపిన నమూనా మీదే జరగాలి.

సుత్తి దెబ్బకు దిగలేదంటే అది రాయే అనుకోకండి. శిథిలపు మట్టిలో విడి గుండ్లు చిక్కుకుని ఉంటాయి. ఎన్‌ఎక్స్ అనే ప్రామాణిక డ్రిల్లింగ్ సైజులో కనీసం మూడు మీటర్లు కోర్ (రాతిని తొలిచి తీసే గుండ్రటి కడ్డీ) తీయించండి. మీటరున్నర కోర్‌లో పది సెంటీమీటర్లకు మించిన ముక్కలు కలిపి 60 సెంటీమీటర్లయితే ఆర్‌క్యూడీ (రాయి ఎంత పగుళ్లు లేకుండా ఉందో చెప్పే శాతం) 40 శాతం. రాయి కింద మళ్లీ మట్టి వస్తే తగిలింది గుండే.

నీటిమట్టం లెక్క ఎక్కువగా తప్పేది బోరు ముగిసిన సాయంత్రమే కొలవడం వల్ల. అప్పుడు కనిపించేవి చాలావరకు మనం పోసిన నీళ్లే. నీళ్లు తోడేసి, 24 గంటలాగి కొలిచి, తేదీ వేయండి. బంకమన్నులో అదీ చాలదు. చిల్లుల పీవీసీ పైపు దించి, చుట్టూ గ్రావెల్ నింపి, పైన బెంటొనైట్‌తో మూసి, వానలు ముగిసేదాకా వారానికోసారి చూడాలి. సెల్లారు, సంపు డిజైనుకు కావలసింది అక్టోబరు మట్టం. మే నెల అంకెతో కట్టిన ఖాళీ సంపును వానాకాలపు ఊట పైకి లేపేస్తుంది.

ఆ నీళ్లు, మట్టి రెండింటికీ పీహెచ్, క్లోరైడు, సల్ఫేటు పరీక్ష తప్పనిసరి. తీరం దగ్గర ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఆ ఊటనీటినే కాంక్రీటు కలపడానికి వాడాలంటే, ఇనుము వేసిన కాంక్రీటుకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు.

కొలతలన్నీ అయ్యాక బోర్లను సిమెంటు, బెంటొనైట్ కలిపిన ముద్దతో అడుగు నుంచి పైదాకా నింపించండి. తెరిచి వదిలితే పైన పారే మురుగు నేరుగా ఊటలోకి దిగుతుంది.