దీర్ఘకాలిక రక్త క్యాన్సర్: ఫోన్‌ను చికిత్సకు తోడుగా వాడుకోవడం ఎలా

2001లో ఇమాటినిబ్ అనే మందుకు అనుమతి వచ్చాక క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా (సీఎంఎల్) అనే రక్త క్యాన్సర్ చికిత్సలో ఎక్కువ భాగం ఆసుపత్రి నుంచి ఇంటికి, రోజూ వేసుకునే మాత్రకు మారింది. వైద్యుడిని కలిసేది కొన్ని నెలలకొకసారి, కొద్ది నిమిషాల పాటే కాబట్టి, నడుమ రోజుల్లో ఏం జరిగిందో ఆయనకు తెలియజేయడమే ఫోన్ చేయవలసిన ముఖ్యమైన పని.

మొదట మందుల రిమైండర్ పెట్టుకోండి. ఇమాటినిబ్‌ను ఆహారంతో పాటు గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. ఇదే జబ్బుకు వాడే నిలోటినిబ్ క్యాప్సూళ్లకైతే ముందు 2 గంటలు, తరువాత 1 గంట ఏమీ తినకూడదు కనుక, తినడం ఆపవలసిన వేళకు ఇంకొక అలారం అవసరం. అలారం మోగగానే ‘వేసుకున్నాను’ అని నొక్కేయకుండా, మందు మింగిన తరువాతే నొక్కండి. మానేసిన రోజును దాచవద్దు. వాంతి అయిందా, ప్రయాణంలో మరిచారా, మందు అయిపోయిందా అన్న కారణాన్ని కూడా ఒక్క మాటలో రాసి పెట్టండి. ఇది నేను మరీ మరీ చెప్పదలచిన సంగతి: మోతాదులు తప్పిన విషయం తెలియకపోతే, పరీక్షలో పెరిగిన అంకెను చూసిన వైద్యుడు మందు పనిచేయడం లేదని భావించి, అవసరం లేకుండానే మరో మందుకు మార్చే ప్రమాదం ఉంది.

రక్తంలో జబ్బు ఎంత మిగిలి ఉందో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష ఫలితాలను తేదీ, ల్యాబ్ పేరు, అంతర్జాతీయ స్కేలుపై శాతం అనే మూడు గడులతో స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. చికిత్స మొదలైన 3 నెలలకు 10 శాతం, 6 నెలలకు 1 శాతం, 12 నెలలకు 0.1 శాతం లేదా అంతకన్నా తక్కువకు చేరడం సాధారణంగా ఆశించే దారి. గ్రాఫ్ గీసేటప్పుడు ప్రతి పది రెట్ల మార్పునూ ఒకే దూరంగా చూపే లాగరిథమ్ స్కేలును ఎంచుకోండి. మామూలు స్కేలులో 0.1 నుంచి 0.01కి వచ్చిన పది రెట్ల తగ్గుదల కంటికి ఆనదు. వేర్వేరు ల్యాబ్‌ల ఫలితాల్లో కొంత తేడా ఉండవచ్చు కాబట్టి, వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మేలు.

లక్షణాలకు వారానికొకసారి, ఒకే రోజున, 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తే చాలు. నీరసం, కండరాలు పట్టేయడం, కళ్ల చుట్టూ వాపు వంటివి రాయండి. పాలీసైథీమియా వెరా (ఎర్ర రక్త కణాలు అతిగా పెరిగే మరో దీర్ఘకాలిక రక్త క్యాన్సర్) ఉన్నవారు స్నానం తరువాత వచ్చే దురదను తప్పక నమోదు చేయాలి; చిన్న విషయమని చెప్పకుండా వదిలేసేది ఎక్కువగా దాన్నే. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఆగని రక్తస్రావం, ఆయాసం కనిపిస్తే మాత్రం యాప్‌లో సందేశం పెట్టి ఎదురుచూడవద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఈ రికార్డును ఇంట్లో ఒకరితో పంచుకోవడం మంచిది. అయితే ఎవరు ఏమేమి చూడవచ్చన్నది రోగే నిర్ణయించాలి. మందుల పట్టికను చూపించి, మనసులోని దిగులు గురించి రాసుకున్న పేజీని తనకే ఉంచుకునే హక్కు ఆ వ్యక్తికి ఉంది.