'హంబ్లీ' ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే లీవ్ లెటర్‌లో 'హంబ్లీ' మూడుసార్లు రాశాను. మా సీనియర్ రెండు కొట్టేసి, "రెండు రోజుల సెలవుకి కాళ్ళు పట్టుకోవాలా ఏంటి?" అన్నారు.

అర్థం తేలికే: వినయంగా, అణకువగా. అసలు కిటుకు పుట్టుకలో ఉంది. లాటిన్‌లో హ్యూమస్ అంటే నేల, దాన్నుంచి హ్యుమిలిస్, అంటే నేలబారుగా ఉన్నది, కింద ఉన్నది. అది పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషుకి చేరి హంబుల్ అయింది, దానికి 'ఎల్‌వై' తగిలిస్తే హంబ్లీ. మన 'వినమ్రంగా'లో ఉన్న నమ్ ధాతువుకి వంగడం అని అర్థం, నమస్కారమూ అక్కడిదే. మనం వంగి ఆగాం, వాళ్ళు ఏకంగా నేలదాకా వెళ్ళారు! తప్పు ఒప్పుకుని తలవంచడాన్ని 'ఈట్ హంబుల్ పై' అంటారు చూడండి, ఆ 'పై' (పిండి పొరలో కూరి కాల్చే వంటకం) పేరు మాత్రం వేరే వంశం, అందులో పెట్టే జింక పేగులూ కాలేయం లాంటి వాటిని అంబుల్స్ అనేవారు, హంబుల్, అంబుల్ రెండు మాటలూ ఒకేలా వినిపించి కలిసిపోయాయి.

ఇక వాడకం. ఎదుట మనకన్నా పెద్దదేదో ఉన్నప్పుడే ఈ మాట అతుకుతుంది. జడ్జి ముందు లాయర్ 'ఐ హంబ్లీ సబ్మిట్' అంటాడు, చాలాసార్లు జడ్జి మాట కాదనబోయే ముందే అంటాడు, అదీ దీని అందం. అవార్డు తీసుకుంటూ 'ఐ హంబ్లీ యాక్సెప్ట్' అన్నా బాగుంటుంది. రోజూ పంపే మెయిల్‌లో 'హంబ్లీ రిక్వెస్ట్' ఎందుకు, 'ప్లీజ్' చాలు. 'ఐ హంబ్లీ థింక్ ఐయామ్ ద బెస్ట్' అంటే మాత్రం నవ్వుతారు, ఈ రకం డప్పుకి హంబుల్‌బ్రాగ్ అని పేరే ఉంది.

మోడెస్ట్‌లీతో కలిపేయకండి. అది కొలత అనే అర్థమున్న లాటిన్ మాట మోడస్ నుంచి వచ్చింది, అందుకే ధర మరీ ఎక్కువ కాదనడానికి 'మోడెస్ట్‌లీ ప్రైస్‌డ్' అంటారు. అక్కడ హంబ్లీ పెట్టారో, ధర చేతులు కట్టుకుని నిలబడినట్టుంటుంది. 'లివ్‌డ్ హంబ్లీ' అంటే మాత్రం సాదాసీదాగా బతికారని.

రిక్వెస్ట్, సబ్మిట్ లాంటి క్రియలకు ముందు పెట్టండి. 'హీ ఆన్సర్‌డ్ హంబ్లీ' లాంటి చోట వెనక. స్పెల్లింగ్‌లో హంబుల్ చివరి 'ఈ' తీసేసి 'వై' పెడితే చాలు, ఇంకో 'ఎల్' అక్కర్లేదు.