ఫైరింగ్‌కి వెళ్లే ముందు: చేతిలోకి వచ్చే రౌండు ఏదో చూసుకోండి

క్యాంపులో ఫైరింగ్ రోజు దగ్గర పడేకొద్దీ కేడెట్లు ఉస్తాద్‌ని (శిక్షణ ఇచ్చేవారిని) ఎక్కువగా అడిగేది ఒక్కటే: "భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుందా ఉస్తాద్?" భుజం సంగతి ఎలాగోలా సర్దుకుంటుంది. రైఫిల్ విప్పడం, బిగించడం అందరూ శ్రద్ధగా నేర్చుకుంటారు గానీ, అందులోకి వెళ్లే రౌండు (బుల్లెట్, మందు, ఇత్తడి కేసు అన్నీ కలిసిన తూటా) గురించి పెద్దగా పట్టించుకోరు. పెద్ద రౌండంటే అందరికీ భయమే, కాబట్టి దాని దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. "చిన్నదే కదా", "ఉత్తదే కదా", "పేలలేదు కదా" అనుకున్న రౌండు దగ్గరే జాగ్రత్త తప్పుతుంది. ఎన్‌సీసీ కేడెట్లు, కొత్తగా ట్రైనింగ్‌లో చేరిన కానిస్టేబుళ్లు రేంజికి వెళ్లే ముందు ఇది ఒకసారి చదవండి.

కేడెట్ చేతికి ముందుగా వచ్చేది పాయింట్ 22. సీసపు బుల్లెట్, బరువు సుమారు 2.6 గ్రాములు. టార్గెట్ 25 మీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి బుల్లెట్ కూడా అంతవరకే పోతుందనుకుంటారు. గొట్టం కాస్త పైకి లేచి ఉంటే అది కిలోమీటరుంపావు దాటి కూడా పోగలదు. పైగా దీనికి గట్టి లోహపు తొడుగు ఉండదు. రాయికో, గట్టి నేలకో, నీళ్లకో తగిలితే ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఎర్రజెండా ఎగురుతున్నంతసేపూ బట్ (టార్గెట్ల వెనకుండే మట్టి కట్ట) వైపు ఎవరినీ పోనివ్వనిది ఇందుకే. ఇంకో సంగతి: పెద్ద రౌండ్లకు అడుగు మధ్యలో మందు అంటించే క్యాప్ ఉంటుంది, దీనికి ఉండదు. అంటుకునే మందు అంచు చుట్టూ ఉంటుంది. కాబట్టి ఇరుక్కున్న రౌండును దేనితోనైనా కొట్టి బయటకు తీయాలని చూడకండి.

తర్వాతివి సర్వీసు రౌండ్లు. ఇన్సాస్ రైఫిల్‌లో వాడేది 5.56×45 (బుల్లెట్ వ్యాసం, కేసు పొడవు మిల్లీమీటర్లలో). బుల్లెట్ 4 గ్రాములే, కానీ సెకనుకు 900 మీటర్లకు పైగా వేగంతో బయటికొస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌లో వాడేది 7.62×51, అందులో బుల్లెట్ 9 గ్రాములు దాటుతుంది. ఏకే-47లోది కూడా 7.62, కానీ ఇక్కడ కేసు పొడవు 39 మిల్లీమీటర్లు. రెండింటినీ "సెవెన్ సిక్స్‌టూ" అనేస్తారు గానీ ఒకదానిది ఇంకోదానిలో పనికిరాదు. కార్బైన్‌కి, పిస్టల్‌కి వాడేది 9 ఎంఎం. మ్యాగజైన్ నింపే ముందు పెట్టె మీద లేబుల్ చదవండి, రౌండు అడుగున ముద్ర కూడా చూడండి. కేఎఫ్ అంటే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ, ఓఎఫ్‌వీ అంటే వరణ్‌గావ్‌ది. నొక్కుపడ్డ కేసు, వదులుగా ఊగే బుల్లెట్, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి కనబడితే ఆ రౌండు పక్కన పెట్టి ఉస్తాద్‌కి చూపించండి. తుడిచేసి వాడేద్దామనుకోవద్దు.

కొన్ని రౌండ్ల మొనకి రంగు ఉంటుంది. మామూలు బాల్ రౌండుకి సాధారణంగా ఏమీ ఉండదు. నాటో పద్ధతిలో నారింజ రంగు మొన ఉంటే ట్రేసర్ (వెళ్లే దారి కనబడేలా వెలుగుతూ పోయేది), నలుపైతే కవచాన్ని ఛేదించే రకం. చిక్కల్లా ఆకుపచ్చతోనే. అమెరికా 5.56లో ఆకుపచ్చ మొన ఉక్కు ముక్క ఉన్న బాల్ రౌండుకి గుర్తు. రష్యన్ పద్ధతి 7.62×39లో అదే రంగు ట్రేసర్‌కి. కాబట్టి రంగు ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు, లేబులే ఆధారం. ట్రేసర్ వెనక భాగంలో మందు మండుతూ పోతుంది. మార్చి నుంచి మన దగ్గర రేంజిలో గడ్డి ఎలా ఎండిపోతుందో తెలుసు కదా! ఎండాకాలంలో ట్రేసర్ ఫైరింగ్ ఉంటే నీళ్లు, మంటలార్పే మనుషులు ముందే సిద్ధంగా ఉండాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం బ్లాంక్. మూతి పువ్వులా మడిచి ఉంటుంది, లోపల బుల్లెట్ ఉండదు. దాంతో అది ఆటవస్తువని అనుకుంటారు. కానీ మందు ఉంటుంది, వేడి గ్యాస్ పెద్ద ఒత్తిడితో బయటికొస్తుంది. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ నటుడు షూటింగ్ విరామంలో బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ని సరదాగా కణతకి ఆనించి పేల్చుకున్నాడు. ఆ దెబ్బకి పుర్రె ఎముక విరిగి మెదడులోకి దిగింది. కొన్ని రోజులకే చనిపోయాడు. బ్లాంక్‌తోనైనా సరే, మనిషి మీదకి గురిపెట్టకూడదు. బ్లాంక్, లైవ్ రౌండ్లు ఒకే పౌచ్‌లో వేసుకోకూడదు. బ్లాంక్ కోసం గొట్టం చివర బిగించే అడాప్టర్ ఉండగా లైవ్ రౌండు పేలితే ఆయుధం మీ చేతిలోనే చీలిపోవచ్చు. క్లాసులో వాడే డ్రిల్ రౌండ్లదీ (పేలని నమూనా రౌండ్లు) ఇదే కథ. కేసుకి చిల్లులో గాడులో ఉన్నాయో లేదో క్లాసు మొదలవక ముందే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడాలి.

ఇక పేలని రౌండు. ట్రిగ్గర్ నొక్కారు, "టక్" మంది, అంతే. వెంటనే ఎవరైనా చేసే పని రైఫిల్ పక్కకి తిప్పి ఏమైందా అని చూడటం. అదే చేయకూడదు. లోపలి మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, ఖాళీ చెయ్యి పైకెత్తండి. కనీసం 30 సెకన్లు ఆగాలి. బోల్టు ఎప్పుడు తెరవాలో ఉస్తాద్ చెబుతారు. ఇంతకంటే మోసపూరితమైనది ఇంకోటుంది: శబ్దం వస్తుంది కానీ "తుస్సు"మని నీరసంగా. అప్పుడు బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనకే ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది. కాబట్టి శబ్దం తేడాగా వినిపించగానే ఆపేయండి. మీ డిటెయిల్‌లో (ఒకేసారి కాల్చే జట్టులో) మిగతావాళ్లు కాల్చడం అయిపోయి, మీరొక్కరే మిగిలినా సరే, తొందరేం లేదు.

చెవులకి దూది సరిపోదు, ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. కాలర్ బొత్తం పెట్టుకోండి. పక్కవాడి రైఫిల్ నుంచి ఎగిరిన కేసు కాలుతూ మెడలో పడితే ఎగిరి గంతేస్తారు, గొట్టం అటూ ఇటూ తిరుగుతుంది. పడినా సరే, ముందు రైఫిల్ కింద పెట్టండి. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సమోసా, టీ. వేళ్లకి అంటిన సీసం కంటికి కనబడదు.

రేంజి వదిలే ముందు "నా దగ్గర జిందా రౌండు గానీ ఖాళీ ఖోకా గానీ లేదు" అని అందరిచేతా చెప్పిస్తారు. దాన్ని మొక్కుబడిగా పలకొద్దు. ప్యాంటు జేబులు, బ్యాగు సైడు జేబులు, బూటు లోపల కూడా చూసుకుని చెప్పండి. గుర్తుగా దాచుకున్న ఒక్క లైవ్ రౌండు ఆయుధాల చట్టం, 1959 కింద కేసు దాకా తీసుకెళ్లగలదు. అదే బ్యాగుతో తర్వాతెప్పుడో ఎయిర్‌పోర్టుకి వెళ్తే స్కానర్‌లో దొరుకుతుంది. తెలియక ఉండిపోయిందని కోర్టులో చెప్పుకోవచ్చు, కానీ ఫ్లైట్ మాత్రం ఆగదు. ఇంటికొచ్చాక దొరికితే చెత్తబుట్టలో వేయడం, మంటలో పడేయడం చేయకండి. యూనిట్‌కి ఫోన్ చేసి చెప్పండి. తాతగారి పెట్టెలో పాత 303 రౌండు కనబడినా అంతే. కీచైన్ చేయిద్దామని చిల్లు పెట్టించకుండా, ఉన్నచోటే ఉంచి పోలీస్ స్టేషన్‌కి కబురు చేయండి.