కళ్లెం ఉండగా గుర్రం తల రుద్దుకుంటోందా? సమస్య - పరిష్కారం

స్వారీ ముగించి దిగగానే గుర్రం తల తెచ్చి మన భుజానికేసి రుద్దుతుంది. చూసేవాళ్లు ముద్దు చేస్తోందనుకుంటారు. నిజానికి దానికి దురదగా ఉంది, అందుబాటులో మనం ఉన్నాం, అంతే. కళ్లెం లేనప్పుడైతే పోనీలే అనుకోవచ్చు. ఉన్నప్పుడు మాత్రం బిట్ (గుర్రం నోట్లో ఉండే ఇనుప ముక్క) రింగు తలుపు గడియకో, కంచె తీగకో, మన చొక్కా జేబుకో తగులుకోవచ్చు. తగులుకున్న క్షణమే గుర్రం బెదిరి వెనక్కి గుంజుతుంది. నోరు చీలడం, తోలు తెగడం, పక్కనున్న మనిషి కింద పడడం అన్నీ అక్కడే జరుగుతాయి.

'దానికది అలవాటు' అని తేల్చేసే ముందు అది ఎప్పుడు రుద్దుకుంటోందో చూడండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

పని అయ్యాక మాత్రమే రుద్దుకుంటుంటే

ఎక్కువగా కనిపించే కారణం చెమట. పట్టీల కింద గాలి ఆడదు. చెమట అక్కడే ఆరిపోయి, ఉప్పు వెంట్రుకల్లో పేరుకుంటుంది. చెవుల వెనక పట్టీని కొంచెం ఎత్తి లోపలివైపు బొటనవేలితో రాసి చూడండి. గరుకుగా, తెల్లగా పొడి అంటుకుంటే ఆ దురద ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థమైపోతుంది.

దిగగానే ముక్కుపట్టీ, గొంతు పట్టీ వదులు చేయండి. కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు, ముందు కళ్లెం తీసి హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలకట్టు) వేయండి. తీసేటప్పుడు తొందరపడి లాగకుండా, గుర్రం తనంతట తానే నోరు తెరిచి బిట్ వదిలేదాకా ఆగాలి. లేకపోతే ఇనుము పళ్లకు కొట్టుకుంటుంది, మర్నాటి నుంచి కళ్లెం చూస్తేనే తల ఎత్తేస్తుంది. తర్వాత తడిగుడ్డతో చెవుల వెనక, నుదురు, దవడల కింద తుడవండి. తోలును ప్రతిసారీ తుడవాలి, బిట్‌ను నీళ్లతో కడగాలి. తోలుకు సబ్బు వాడితే కొంచెమే వాడండి. తోలు మీద మిగిలిపోయిన సబ్బు కూడా చర్మాన్ని మండిస్తుంది.

కళ్లెం వేయగానే మొదలుపెడితే

ఇది దురద కాకపోవచ్చు, నొప్పి కావచ్చు. కళ్లెం ఎక్కడ ఒత్తుతోందో వెతకాలి.

ఎక్కువమంది చూడకుండా వదిలేసేది నుదుటి పట్టీ. అది పొట్టిదైతే తలపట్టీని ముందుకు లాగి, చెవుల మొదట్లో కోసుకునేలా చేస్తుంది. చెవి వెనక వేలు సులువుగా దూరాలి. ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి. అయితే ఈ పరీక్ష ముక్కు ఎముక మీద, ఎదురుగా చేయాలి. పక్కన చెంప మెత్తగా ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా అక్కడ వేళ్లు దూరిపోతాయి, మనం సరిగ్గానే ఉందనుకుంటాం. పోటీల్లో కూడా దీని మీద పట్టింపు పెరిగింది. అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య 2025 నుంచి ముక్కుపట్టీ కింద 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉందో లేదో కొలిచే సాధనం వాడుతోంది. గొంతు పట్టీ దగ్గర పిడికిలి పట్టేంత చోటుండాలి. బకిల్ కంటికి దగ్గరగా వస్తోందేమో, చెంప ఎముక మీద కూర్చుంటోందేమో కూడా చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నా రుద్దుకుంటుంటే నోరు చూపించాలి. రెండున్నర నుంచి ఐదేళ్ల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, ఆ రోజుల్లో బిట్ భరించడం కష్టం. దవడ పళ్ల ముందు వచ్చే వుల్ఫ్ టీత్ అనే చిన్న పళ్లకు బిట్ తగిలి బాధపెట్టవచ్చు. మేత సగం నమిలి ఉండలుగా కింద పడేస్తున్నా, తల ఒక పక్కకు వంచి తింటున్నా పశువైద్యుణ్ణి పిలవడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

కళ్లెం లేకపోయినా రుద్దుకుంటుంటే

చెవుల్లో పిడుదులు, కళ్ల చుట్టూ ఈగలు, కన్ను కారడం, చర్మం మీద పొక్కులు చూడండి. వెంట్రుకలు ఊడి గుండ్రటి మచ్చలుంటే తామర కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. డాక్టరు చూసేదాకా ఆ కళ్లెం, బ్రష్షులు ఇంకో గుర్రానికి వాడొద్దు.

నడుస్తూనే తల ఎగరేసి, ముక్కును ముందుకాలికి రుద్దుతుంటే

ముక్కులో ఈగ దూరినట్టు ఉన్నట్టుండి తలను పైకీ కిందికీ విసరడం, చీదడం, ఎండాకాలంలో ఎక్కువ కావడం కనిపిస్తే ముఖంలోని నరానికి సంబంధించిన సమస్య కావచ్చు. దీన్ని పొగరు అనుకుని పట్టీలు బిగిస్తే మరింత బాధ. ముక్కుకు కట్టే సన్నటి వల కొన్ని గుర్రాలకు ఉపశమనం ఇస్తుంది. కానీ నిర్ధారణ వైద్యుడే చేయాలి. నిలబెట్టినప్పుడు పగ్గాలు వేలాడనివ్వకండి, తల దించగానే కాలు అందులో దూరుతుంది.

కారణం పోయినా అలవాటు పోకపోతే

ముఖం మీద కొట్టొద్దు. కొడితే రుద్దడం ఆగకపోగా చెయ్యి ఎత్తితేనే బెదిరే గుర్రం తయారవుతుంది. అరచేత్తో తోసినా లాభం లేదు, దానికి అదీ గోకినట్టే ఉంటుంది. భుజం పక్కన నిలబడి, పగ్గాలు గడ్డం దగ్గర పట్టుకుని, తల మీవైపు తిరగడం మొదలవగానే గుర్రాన్ని ఒక అడుగు వెనక్కో పక్కకో నడిపించండి. తల చేరాక కదిపితే ఆలస్యమైనట్టే. ఇంట్లో ఒకరు వద్దని, ఇంకొకరు సరదాగా రుద్దించుకుంటుంటే ఇది ఎప్పటికీ తెమలదు. కళ్లెం తీసి, గుర్రం తల నిలకడగా పెట్టాక మాత్రం మీరే చెవుల వెనక బాగా గోకండి. అసలు రుద్దనే కూడదనేవాళ్లూ ఉన్నారు. నాకది మరీ కఠినంగా అనిపిస్తుంది.

ఇప్పటికే బిట్ ఎక్కడైనా తగులుకుని ఉంటే పగ్గం లాగకండి. మెల్లగా మాట్లాడుతూ పక్కనుంచి వెళ్లి, గుర్రాన్ని తగులుకున్న వైపుకే ఒక అడుగు వేయించి పట్టు వదులు చేయండి. అప్పుడే చెంప పట్టీ బకిల్ విప్పండి.